ఇంగ్లీష్ రీడింగ్ పరీక్షకు విద్యార్థులను ఎలా సిద్ధం చేయాలి: మొదటి టెస్ట్ నుంచి పరీక్ష రోజు దాకా

"రోజూ మాక్ టెస్టులు రాయిస్తున్నాం, అయినా స్కోరు కదలడం లేదు. ఏం చేయాలి?" ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీష్ పరీక్ష) లాంటి పరీక్షలకు కోచింగ్ ఇచ్చేవాళ్లు, ఇంట్లో తమ్ముణ్నో చెల్లినో కూర్చోబెట్టి చదివించేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది.

టెస్టుల సంఖ్య పెంచినంత మాత్రాన స్కోరు పెరగదు. విద్యార్థి ఎక్కడున్నాడో టెస్ట్ చూపిస్తుంది, అంతవరకే దాని పని. అసలు చదువు మొదలయ్యేది టెస్ట్ అయ్యాక. తప్పయిన ప్రతి జవాబు దగ్గర ఆగి, పాసేజ్‌లో ఏ వాక్యం అర్థం కాక తప్పు జరిగిందో వెతికించాలి. ముందు పదాలు, వాక్యాలు. తర్వాత టైమర్ లేకుండా ప్రశ్న రకాలు. టైమర్ అన్నిటికంటే చివర. చాలా చోట్ల ఈ వరుస తలకిందులై ఉంటుంది.

ఇక్కడ ఐఈఎల్‌టీఎస్‌లో అకడమిక్ (పై చదువుల కోసం రాసే రకం) రీడింగ్‌ను ఆధారంగా తీసుకున్నాను. వేరే పరీక్ష రాసేవాళ్లకు అంకెలు మారతాయి కానీ పద్ధతి చాలావరకు ఇదే.

1. ముందు పరీక్ష నియమాలు మీకు తెలియాలి

విద్యార్థికి చెప్పేముందు ఇవి మీరు ఖాయం చేసుకోండి:

- 3 పాసేజ్‌లు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు.
- పేపర్ మీద రాసే పరీక్షలో జవాబులను ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించడం కూడా ఆ 60 నిమిషాల్లోనే అయిపోవాలి. రీడింగ్‌కు అదనపు సమయం ఉండదు.
- ప్రతి ప్రశ్నకు ఒక మార్కు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కాబట్టి ఒక్క ఖాళీ కూడా వదలకూడదు.
- స్పెల్లింగ్ తప్పితే ఆ మార్కు పోతుంది. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగ్‌లు రెండూ చెల్లుతాయి.
- జవాబులన్నీ పెద్ద అక్షరాల్లో రాసినా ఫర్వాలేదు.

స్కోరు లెక్క (ఫలితాన్ని 9 దాకా ఉండే బ్యాండ్‌లలో ఇస్తారు): అకడమిక్‌లో 40కి సుమారు 30 సరైనవి ఉంటే బ్యాండ్ 7, సుమారు 23 ఉంటే బ్యాండ్ 6. జనరల్ ట్రైనింగ్ (ఉద్యోగం, వలస కోసం రాసే రకం) పేపర్ చదవడానికి కొంచెం సులువు కాబట్టి అక్కడ బ్యాండ్ 7కి దాదాపు 34 కావాలి. పేపర్‌ను బట్టి ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి.

విద్యార్థి రాసేది పీటీఈ (ఇలాంటిదే మరో ఇంగ్లీష్ పరీక్ష) అయితే ఒక జాగ్రత్త. ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఎంచుకోవాల్సిన ప్రశ్నల్లో తప్పు ఎంపికకు మార్కు తగ్గుతుంది. అక్కడ గుడ్డిగా టిక్ పెట్టించకండి.

2. మొదటి టెస్ట్: రెండు రంగుల పెన్నులు

మొదటి రోజు ఒక పూర్తి టెస్ట్ రాయించండి. నీలం పెన్నుతో మొదలుపెట్టించి, 60 నిమిషాలు కాగానే ఎరుపు పెన్ను చేతికివ్వండి. "ఇప్పుడు నీకు ఎంత సమయం కావాలంటే అంత తీసుకో, మిగిలినవి పూర్తి చెయ్యి, రాసినవి కావాలంటే మార్చుకో" అని చెప్పండి.

దీంతో ఒకే పేపర్ మీద రెండు స్కోర్లు వస్తాయి. గంటలో 22, సమయం ఇచ్చాక 31 వచ్చిందనుకోండి, చదివి అర్థం చేసుకోవడం బాగానే ఉంది, సమస్య వేగానిది. గంటలో 22, ఆ తర్వాత కూడా 24 దగ్గరే ఆగిపోతే ఎంత సమయమిచ్చినా ఆ పాసేజ్ అర్థం కావడం లేదన్నమాట. ఈ రెండో రకం విద్యార్థికి స్పీడ్ టెక్నిక్‌లు నేర్పితే టెన్షన్ పెరగడం తప్ప ఏమీ జరగదు.

మర్నాడు అదే పాసేజ్‌ల నుంచి పది పొడవైన వాక్యాలు తీసి, ఒక్కోదాని భావం తెలుగులో చెప్పమనండి. పదానికి పదం అనువాదం అక్కర్లేదు, "ఎవరు ఏం చేశారు, దేని గురించి" అన్నది చెబితే చాలు. ఇందులో నాలుగో అంతకంటే ఎక్కువో తప్పుగా చెబితే ఈ గైడ్‌లో 3, 4 భాగాల మీద ఎక్కువ వారాలు పెట్టండి. అన్నీ సరిగ్గా చెబితే నేరుగా 5కి వెళ్లొచ్చు.

3. పదాలు: జాబితా బట్టీ కాదు

చదివే పాఠంలో 100 పదాలకు సుమారు 98 తెలిసి ఉంటే తప్ప ఇతరుల సాయం లేకుండా సౌకర్యంగా అర్థం కాదని పదసంపద మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. దీన్ని రోజువారీ కొలతగా వాడుకోవచ్చు. విద్యార్థి చదవబోయే దానిలో 100 పదాల ముక్క తీసుకుని తెలియనివాటి కింద గీత గీయమనండి. రెండు మూడు దాటితే అది రోజూ చదవడానికి కష్టమైన పాఠం. సులువైనది ఇవ్వండి. కష్టమైనది చదివిస్తే తొందరగా ఎదుగుతారన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. ప్రతి వరుసలో ఆగిపోయేవాళ్లు పేరా భావాన్ని పట్టుకోలేరు.

ఏ పదాలు ముందు? ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ మంచి మొదలు. ఏ సబ్జెక్టు వ్యాసంలోనైనా తరచుగా కనిపించే 570 పద కుటుంబాలు అందులో ఉన్నాయి. దాన్ని పై నుంచి కింద దాకా వల్లె వేయించకండి. చదువుతున్న పాసేజ్‌లో ఆ జాబితా పదం తగిలినప్పుడు నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. ప్రతి పదానికి నాలుగు గళ్లు:

- పదం
- అది కనిపించిన పూర్తి వాక్యం
- దాని కుటుంబం: ఎనలైజ్, ఎనాలిసిస్, ఎనలిటికల్
- అదే అర్థాన్ని వేరే మాటల్లో చెప్పే ఒక ఇంగ్లీష్ పదబంధం

నాలుగో గడి చాలామంది వదిలేస్తారు. పరీక్షలో మార్కు తెచ్చేది అదే. పాసేజ్‌లో ఒక మాట, ప్రశ్నలో అదే అర్థమున్న ఇంకో మాట వాడటం ఈ పరీక్ష తీరు.

పునశ్చరణ మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి, రెండు వారాలకు. రోజుకు 8 నుంచి 10 కొత్త పదాలు చాలు.

పెద్ద పదాలకంటే ముందు చిన్న పదాలు గట్టిగా రావాలని నా అభిప్రాయం. హవెవర్, ఆల్దో, అన్‌లెస్, వేరాజ్, డిస్పైట్ ఎదురైతే వాక్యం ఎటు తిరిగిందో వెంటనే తెలియాలి. ఫ్యూ, ఎ ఫ్యూ మధ్య తేడా, హార్డ్‌లీ, రేర్లీ, నాట్ అన్‌కామన్ లాంటివాటి అర్థం తడుముకోకుండా చెప్పగలగాలి. జవాబులు తారుమారయ్యేది ఎక్కువగా వీటి దగ్గరే.

4. పొడవైన వాక్యాన్ని విడదీయడం

తెలుగు చదివి పెరిగినవాళ్లకు ఇంగ్లీష్ పొడవైన వాక్యాలు ఎందుకు కష్టమో మీరు గమనించే ఉంటారు. మన వాక్యంలో వివరణ నామవాచకానికి ముందే వచ్చేస్తుంది, క్రియ ఆఖరున ఉంటుంది. "ఉత్తర ప్రాంతాల నుంచి సేకరించిన విత్తనాలు మొలకెత్తలేదు" అంటే ఎక్కడా తికమక లేదు. ఇంగ్లీష్‌లో అది "ద సీడ్స్ కలెక్టెడ్ ఫ్రమ్ ద నార్తర్న్ సైట్స్ ఫెయిల్డ్ టు జెర్మినేట్" అవుతుంది. ఇక్కడ విద్యార్థి "కలెక్టెడ్"ను అసలు క్రియ అనుకుంటాడు. "విత్తనాలు సేకరించారు" అని అక్కడే అర్థం చేసేసుకుంటాడు. "ఫెయిల్డ్" వచ్చేసరికి గందరగోళపడి వెనక్కి వెళ్తాడు. అక్కడే అర నిమిషం పోతుంది.

దీనికి రోజూ ఐదు వాక్యాలతో ఒక అభ్యాసం చేయించండి:

1. అసలు క్రియ ఎక్కడుందో వెతికి గుండ్రంగా చుట్టాలి.
2. ఆ పని చేసింది ఎవరో, ఏమిటో వెతికి కింద గీత గీయాలి.
3. హూ, విచ్, దట్‌లతో మొదలయ్యే ముక్కలను, "కలెక్టెడ్" లాంటి వివరణ ముక్కలను బ్రాకెట్లో పెట్టాలి.
4. బ్రాకెట్లు వదిలేసి మిగిలిన చిన్న వాక్యం చదవాలి.
5. తర్వాత బ్రాకెట్లను ఒక్కొక్కటిగా కలిపి, మొత్తం భావం తెలుగులో చెప్పాలి.

మొదటి వారం ఒక్కో వాక్యానికి ఐదు నిమిషాలు పట్టినా కంగారు పడకండి. మూడో వారానికి పెన్ను పట్టకుండానే చూపుతో విడదీయడం అలవాటవుతుంది. వేగం ఇక్కడి నుంచే వస్తుంది.

ఇదే సమయంలో దిస్, దీజ్, సచ్, ఇట్ కనబడ్డ ప్రతిసారీ "ఇది దేన్ని సూచిస్తోంది?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ముందు వాక్యం అర్థం కాలేదన్నమాట.

5. ప్రశ్న రకాలు: ఒక్కోటి విడిగా, టైమర్ లేకుండా

అన్ని రకాలూ కలిపి మొదటి రోజే ఇవ్వకండి. ఈ వరుసలో వెళ్లడం మంచిది: ఖాళీలు పూరించడం, ట్రూ–ఫాల్స్–నాట్ గివెన్, మల్టిపుల్ చాయిస్, హెడింగ్‌లు జతపరచడం, చివరగా సమాచారం ఏ పేరాలో ఉందో చెప్పడం.

ఖాళీలు పూరించడం. సూచన చదవకపోవడమే ఇక్కడ పెద్ద తప్పు. "రెండు పదాలు మించకూడదు" అని ఉంటే మూడు పదాల జవాబుకు మార్కు రాదు, అర్థం ఎంత సరైనదైనా సరే. హైఫన్‌తో కలిసిన పదం ఒక పదం కింద లెక్క. పాసేజ్‌లోంచి తీసుకోమన్నప్పుడు పదాన్ని ఉన్నది ఉన్నట్టే రాయాలి. వెతకడానికి ముందే ఖాళీలో నామవాచకం రావాలా, విశేషణం రావాలా, ఏకవచనమా బహువచనమా అన్నది విద్యార్థి నోటితో చెప్పాలి. రాశాక వాక్యం మొత్తం చదివి వ్యాకరణం కుదిరిందో లేదో చూడాలి.

ట్రూ–ఫాల్స్–నాట్ గివెన్. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే కాబట్టి దీనిమీద నిదానంగా పనిచేయండి. పాసేజ్‌లో ఇలా ఉందనుకోండి: "ఆ దీవిలో ఎక్కువ పక్షులు నేలమీదే గూళ్లు కడతాయి. కొన్ని మాత్రం కొండ చీలికల్లో కడతాయి."

- "ఆ దీవిలో అన్ని పక్షులూ నేలమీదే గూళ్లు కడతాయి." ఇది ఫాల్స్. "కొన్ని మాత్రం" అన్న వాక్యం దీన్ని కాదంటోంది.
- "కొండ చీలికల్లో కంటే నేలమీద గూళ్లు కట్టే పక్షులే ఎక్కువ." ఇది ట్రూ.
- "వేటాడే జంతువులు లేవు కాబట్టి పక్షులు నేలమీద గూళ్లు కడతాయి." ఇది నాట్ గివెన్. నిజమే కావొచ్చు, కానీ కారణం పాసేజ్‌లో చెప్పలేదు.

విద్యార్థికి ఇవ్వాల్సిన నియమం ఒక్కటే. ఫాల్స్ అంటే "ఇదిగో, ఈ వాక్యం కాదంటోంది" అని వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే అది ఫాల్స్ కాదు. బయటి జ్ఞానంతో "ఇది నాకు తెలుసు" అని ట్రూ పెట్టే అలవాటు తెలివైన విద్యార్థుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని మొదట్లోనే ఆపండి. ఆల్, ఓన్లీ, మోస్ట్, సమ్, ఆల్వేజ్, మే లాంటి పదాలను ప్రశ్నలో చుట్టించండి.

యెస్–నో–నాట్ గివెన్ అడిగితే చూడాల్సింది రచయిత అభిప్రాయం. యెస్ అని రాయాల్సినచోట ట్రూ అని రాయనివ్వకండి.

మల్టిపుల్ చాయిస్. ఆప్షన్లు చూడకముందు ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పించండి. తర్వాత ఆప్షన్లు చూపించండి. పాసేజ్‌లో ఉన్నమాటే అయినా అడిగిన ప్రశ్నకు జవాబు కాని ఆప్షన్ దాదాపు ప్రతిసారీ ఒకటి ఉంటుంది.

హెడింగ్‌లు జతపరచడం. జాబితాలో పేరాలకంటే ఎక్కువ హెడింగ్‌లు ఉంటాయి. పేరాలోని ఒక పదం హెడింగ్‌లో కనబడగానే జతపరిచేయడం ఇక్కడి తప్పు. దీనికి మంచి అభ్యాసం: హెడింగ్‌ల జాబితాను కాగితంతో మూసేయండి. విద్యార్థి పేరా చదివి, ఐదు మాటల్లోపు తెలుగులో తనే ఒక శీర్షిక రాయాలి. అన్ని పేరాలూ అయ్యాక జాబితా తెరిచి, తను రాసినదానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోవాలి. పరీక్షలో ఇలా రాసుకునే సమయం ఉండదు, కానీ ఈ అభ్యాసంతో పేరా సారం పట్టే అలవాటు స్థిరపడుతుంది.

సమాచారం ఏ పేరాలో ఉంది. ఈ ప్రశ్నలు పాసేజ్ వరుసలో రావు. ఆ పాసేజ్‌లో మిగతా ప్రశ్నలన్నీ చేశాక చివర్లో చేయించండి. అప్పటికి ఎక్కడ ఏముందో కొంత గుర్తుంటుంది.

6. తప్పుల పుస్తకం: ఈ భాగాన్ని వదలకండి

గంట టెస్ట్‌కు కనీసం గంటన్నర సమీక్ష ఉండాలి. అంత సమయం లేకపోతే టెస్టులు తగ్గించండి, సమీక్ష తగ్గించకండి.

పద్ధతి ఇది. జవాబుల కీ ఇచ్చేముందు, ప్రతి జవాబుకు ఆధారమైన వాక్యం కింద గీత గీసి ప్రశ్న నంబరు వేయమనండి. నాట్ గివెన్ అయితే ఎక్కడ వెతికారో గుర్తు పెట్టాలి. ఆ తర్వాతే కీ. ఆధారం చూపించలేని సరైన జవాబును కూడా తప్పు కిందే లెక్కించండి. ఊహ ఈసారి కుదిరింది, మళ్లీ కుదురుతుందన్న నమ్మకం లేదు.

ప్రతి తప్పుకు ఒక గుర్తు:

- ప: పదం తెలియలేదు
- వా: పదాలు తెలుసు, వాక్యం అర్థం కాలేదు
- ప్ర: పాసేజ్ అర్థమైంది, ప్రశ్నను తప్పుగా చదివారు
- తొ: తొందరలో చూసుకోలేదు, స్పెల్లింగ్, పద పరిమితి
- స: సమయం చాలలేదు

మూడు టెస్టుల తర్వాత గుర్తులు లెక్కపెట్టండి. "ప" ఎక్కువైతే 3కి, "వా" ఎక్కువైతే 4కి, "ప్ర" ఎక్కువైతే 5కి తిరిగి వెళ్లండి. ఒకే బ్యాచ్‌లో పది మందికి పది రకాల లెక్క రావొచ్చు. అందరికీ ఒకే హోంవర్క్ ఇవ్వడం అప్పుడు అర్థం లేని పని.

ఇంటర్నెట్‌లో దొరికే ప్రతి ప్రాక్టీస్ పేపర్‌నూ నమ్మకండి. ట్రూ–ఫాల్స్–నాట్ గివెన్ కీలు తప్పుగా ఉన్నవి చాలా తిరుగుతుంటాయి. ఆధారం చూపించలేని కీతో సాధన చేసిన విద్యార్థికి ఉన్న స్పష్టత కూడా పోతుంది. పూర్తి టెస్టులకు నిర్వాహక సంస్థలు ఇచ్చే అధికారిక నమూనాలే వాడండి.

7. ఇప్పుడు టైమర్

ఒక్కో పాసేజ్‌కు మొదట 30 నిమిషాలు ఇవ్వండి. స్కోరు నిలబడ్డాక 25, ఆ తర్వాత 22, చివరకు 20. సమయం తగ్గించినప్పుడు స్కోరు మూడు మార్కులకు మించి పడిపోతే ఒక మెట్టు వెనక్కి రండి.

పూర్తి టెస్ట్‌లో అందరూ 20–20–20 అంటారు. మూడో పాసేజ్ సాధారణంగా కష్టంగా ఉంటుంది కాబట్టి 17–20–23 మేలని నేను చెబుతాను. ఒక ప్రశ్న మీద నిమిషంన్నర దాటితే ఏదో ఒక జవాబు రాసి, పక్కన గుర్తు పెట్టి ముందుకు వెళ్లాలి.

"పాసేజ్ చదవొద్దు, ప్రశ్నలోని పదాలు వెతికితే చాలు" అనే సలహా విద్యార్థులకు చాలా నచ్చుతుంది. పేర్లు, సంవత్సరాలు, అంకెలు ఉన్న ప్రశ్నలకు అది పనికొస్తుంది. మిగతావాటిలో ప్రశ్న వేరే మాటల్లో ఉంటుంది కాబట్టి వెతికే పదం పాసేజ్‌లో దొరకనే దొరకదు. రెండు మూడు నిమిషాల్లో శీర్షిక, ప్రతి పేరా మొదటి వాక్యం, చివరి వాక్యం చూసి ఏ పేరాలో ఏముందో పట్టుకోవడం, తర్వాత ప్రశ్నలకు వెళ్లడం మెరుగైన దారి.

పరీక్ష కంప్యూటర్ మీద అయితే సాధన కూడా స్క్రీన్ మీదే చేయించండి. కాగితం మీద బాగా చేసేవాళ్లు కూడా స్క్రోల్ చేస్తూ చదవడానికి మొదట్లో ఇబ్బంది పడతారు.

8. ఎనిమిది వారాల ప్రణాళిక

- 1–2 వారాలు: పదాల నోట్‌బుక్, రోజుకు ఐదు వాక్యాలు, అరగంట సులువైన చదువు. మొదటి రోజు టెస్ట్ తప్ప వేరే టెస్ట్ లేదు.
- 3–5 వారాలు: వారానికి రెండు ప్రశ్న రకాలు, టైమర్ లేకుండా. తప్పుల పుస్తకం మొదలు.
- 6–7 వారాలు: టైమర్‌తో విడి పాసేజ్‌లు, వారానికి ఒక పూర్తి టెస్ట్.
- 8వ వారం: రెండు పూర్తి టెస్టులు, వాటి సమీక్ష. చివరి రెండు రోజులు కొత్త టెస్ట్ వద్దు.

మొదటి టెస్ట్‌లో 40కి 15 కూడా రాకపోతే ఎనిమిది వారాల్లో బ్యాండ్ 7 వస్తుందని మాట ఇవ్వకండి. మొదటి దశనే కొన్ని నెలలు సాగించి, ఆ తర్వాత పరీక్ష తేదీ తీసుకోమని చెప్పండి. ఫీజు కట్టేముందు ఈ మాట చెప్పడం మీ బాధ్యత.

9. పరీక్ష ముందు రోజు, పరీక్ష గదిలో

ముందు రోజు:

- తప్పుల పుస్తకంలో "ప్ర", "తొ" గుర్తులున్నవి మాత్రమే ఒకసారి చూడాలి.
- రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన గుర్తింపు పత్రం బ్యాగులో ఉందో లేదో చూడాలి.
- రాత్రి పొద్దుపోయేదాకా చదవకూడదు.

గదిలో:

- ప్రతి ప్రశ్నల గుంపుకు ముందున్న సూచన పూర్తిగా చదవాలి.
- పేపర్ పరీక్ష అయితే ఒక్కో పాసేజ్ అవగానే జవాబులు షీట్‌లోకి ఎక్కించాలి, ఆఖరికి దాచుకోకూడదు.
- ఎక్కించేటప్పుడు ప్రశ్న నంబరు సరిపోయిందో చూడాలి. ఒక్కటి జారితే కిందివన్నీ జారతాయి.
- చివరి రెండు నిమిషాలు ఖాళీలు, స్పెల్లింగ్, బహువచనాలు చూసుకోవడానికే. ఆ సమయంలో ఆధారం దొరికితేనే పాత జవాబు మార్చాలి, అనుమానంతో మార్చకూడదు.